కీలెరిగి వాత

కీలెరిగి వాత పెట్టాలని పెద్దలు ఊరికే అనలేదు బిడ్డా. వాతలు పెట్టేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు, కీలు తెలిసినవాళ్లే తక్కువ. పొద్దున నువ్వు పుస్తకం ముందేసుకుని సణిగావు కదా, జీవశాస్త్రంలో మెకానిజం, రసాయనశాస్త్రంలో మెకానిజం, అర్థశాస్త్రం తెరిస్తే అక్కడా మెకానిజమే, అందరికీ ఇదేం పిచ్చి తాతా అని. జవాబు ఒక్క ముక్కలో చెప్పేస్తే నువ్వు ఫోను పట్టుకుని లేచిపోతావు. అందుకని చెప్పను. కాళ్లు మడుచుకుని కూర్చో. సికింద్రాబాదు పాత ముచ్చట్లు కొన్ని ఉన్నాయి, నీకు కావలసింది వాటిలోనే ఉంది.

మేం మెట్టుగూడ రైలు క్వార్టర్లలో పెరిగినవాళ్లం. మా లైన్లో గోడ గడియారం ఉన్న ఇళ్లు చాలా తక్కువ. మిగతావాళ్లకు లాలాగూడ వర్క్‌షాపు కూతే గడియారం. ఆ వర్క్‌షాపు 1893 నాటిది, నిజాం రైల్వే వాళ్లు పెట్టింది. కూత వినబడితే పొయ్యి మీద అన్నం దిగేది, క్యారియర్లు కట్టేవాళ్లు, సైకిళ్లు రోడ్డెక్కేవి. అప్పట్లో రూపాయలు కూడా రెండు రకాలు. హుస్సేన్‌సాగర్‌కు అవతల హైదరాబాదులో హాలీ సిక్కా, ఇవతల కంటోన్మెంటులో ఇంగ్లీషువాళ్ల కల్దార్. ఏడు హాలీలు ఇస్తే ఇంచుమించు ఆరు కల్దార్లు వచ్చేవి. అటు మేనత్త ఇచ్చిన డబ్బుతో ఇటు మిఠాయి కొనాలంటే ముందు లెక్క కట్టాలి. మా తరం పిల్లలకు భిన్నాలు అంత తొందరగా వచ్చింది బడిలో కాదు, మోండా మార్కెట్‌లో. ఆ ముచ్చట మొదలుపెడితే తెల్లారుతుంది, వదిలేద్దాం.

మా నాయిన సిగ్నల్ డిపార్టుమెంటులో ఖలాసీ. సెలవు రోజున నన్ను వెంట తీసుకుని క్యాబిన్ మెట్లెక్కించేవాడు. పైన వరసగా నిలబెట్టిన లివర్లు. ఎర్రవి రైలును ఆపే సిగ్నళ్లవి, నల్లవి పట్టాలు మార్చే పాయింట్లవి, నీలంవి ఆ పాయింట్లకు తాళం వేసేవి, తెల్లవి పనిలేనివి. చేతిగుడ్డ పట్టుకుని లాగాలి, వట్టి చేత్తో ముట్టుకుంటే పక్కనున్నాయన కసిరేవాడు. చెమట తగిలితే ఆ నునుపు ఇనుము తుప్పు పడుతుందని వాళ్ల బాధ.

ఒకరోజు నేను ఎర్ర లివర్ లాగబోయాను. రాలేదు. కాలు తన్నిపెట్టి లాగినా కదల్లేదు. నాయిన నవ్వి, కింద గదిలోకి దింపి చూపించాడు. లివర్ల కింద అడ్డంగా, నిలువుగా ఇనుప పట్టీలు, వాటికి గాళ్లు, ఆ గాళ్లలో దిగి కూచునే దిమ్మలు. పాయింటు పూర్తిగా అటు తిరిగి, తాళం పడితేనే సిగ్నల్ లివర్‌కు అడ్డున్న దిమ్మ లేస్తుంది. ఒక దారికి సిగ్నల్ ఇచ్చావా, దానికి ఎదురొచ్చే దారుల లివర్లన్నీ బిగుసుకుపోతాయి. లాగేవాడు బలవంతుడైనా, నిద్రమత్తులో ఉన్నా, పెద్ద ఆఫీసరైనా దానికి ఒకటే. దాన్నే ఇంటర్‌లాకింగ్ అంటారు. ఆ విద్య నేర్పడానికే 1957లో తార్నాకలో ఒక సంస్థ పెట్టారు, ఇరిసెట్ అని. దేశంలోని రైల్వే సిగ్నల్ ఇంజినీర్లంతా ఇప్పటికీ మన ఊరొచ్చి నేర్చుకుని పోతారు.

ఒంటి లైను మీద ఇంకో చిత్రం ఉండేది, నీల్ గారి గోళం. రెండు స్టేషన్లలో రెండు ఎర్రని పెట్టెలు, నడుమ తీగ. ఈ స్టేషన్‌వాడు గంట కొట్టి అడగాలి, ఆ స్టేషన్‌వాడు ఒప్పుకుని పిడి తిప్పితేనే ఇక్కడ పెట్టెలోంచి ఇనుప గోళం ఒకటి బయటికొస్తుంది. అది వచ్చాక, మళ్లీ ఏదో ఒక పెట్టెలో పడేదాకా ఇటు గానీ అటు గానీ రెండోది రాదు. గోళాన్ని బెత్తపు రింగుకు కట్టిన సంచిలో పెట్టి డ్రైవరుకు అందిస్తారు. అది చేతిలో లేనిదే డ్రైవరు బండి కదపడు. ఎదురెదురుగా రెండు బండ్లు ఎందుకు రావు అంటే, వచ్చేందుకు రెండో గోళమే లేదు.

ఇప్పుడు నీ ప్రశ్నకు కాస్త దగ్గరకొచ్చాం. ‘సిగ్నల్ ఎందుకు పడలేదు’ అని క్యాబిన్‌లో అడిగితే, ఫలానా దిమ్మ ఫలానా గాడిలో కూచుంది కాబట్టి అని వేలు పెట్టి చూపిస్తారు. కారణం ఒక కొసన, ఫలితం ఇంకో కొసన ఉంటే, ఆ రెంటి నడుమ ఏముందో, ఏది దేన్ని కదిలిస్తోందో వరసగా చెప్పగలగడం. కీలంటే అది. మనిషి చేసిన యంత్రంలో అది దొరకడం తేలిక, మూత తీస్తే చాలు. దేవుడు చేసిన వాటికి మూత ఎక్కడుందో వెతుక్కోవడమే పెద్ద పని.

మనవాళ్లకు చలిజ్వరం కొత్త కాదు. వానలు వెనకబట్టాక, చెరువు పక్కన ఉన్నవాళ్లకు, సాయంత్రాలు బయట తిరిగేవాళ్లకు వస్తుందని మా నాయనమ్మకు తెలుసు, ఆమె నాయనమ్మకూ తెలుసు. కంటోన్మెంటు డాక్టర్లకూ అంతే తెలుసు. బురదనేలల నుంచి చెడుగాలి లేస్తుంది, అదే జ్వరం తెస్తుందని వాళ్లు నమ్మేవారు. వాళ్లను వెక్కిరించకు. చెరువు, వాన, సాయంత్రం, మూడూ సరిగ్గానే పట్టుకున్నారు. నడుమ ఉన్నది మాత్రం దొరకలేదు. కాకి వాలడం, తాటిపండు రాలడం రెండూ చూశారు. కాకి నిజంగానే రాల్చిందా, లేక పండు తనంతట పండి రాలిందా అన్నది తేలలేదు.

మందు కూడా ఉండేది, అది గుర్తు పెట్టుకో. సింకోనా బెరడు నుంచి క్వినైన్‌ను 1820లోనే తీశారు. జ్వరం ఎలా వస్తుందో తెలియకుండానే జ్వరం తగ్గించారు. కీలు తెలియకపోయినా వాత ఒక్కోసారి సరైన చోటే పడుతుంది. అలా పడిన వాతలతోనే లోకం చాలాకాలం నడిచింది, వాటిని నేను తక్కువ చేయను.

1880లో అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు రోగి రక్తంలో ఒక పరాన్నజీవిని చూశాడు. సరే, అది రక్తంలోకి ఎలా వచ్చింది? లండన్‌లో మాన్సన్ అని పెద్ద డాక్టరు, బోదకాలు పురుగుకూ దోమకూ ఉన్న సంబంధాన్ని అంతకుముందే చూసినవాడు, ఇక్కడా దోమే ఉండొచ్చన్నాడు. అయితే ఆయన ఊహించిన నడక వేరు. దోమ రోగిని కుట్టి, నీళ్లలో గుడ్లు పెట్టి చస్తుంది, ఆ నీళ్లు తాగినవాడికి జ్వరం వస్తుంది అని. ఆ మాట మనసులో పెట్టుకుని 1895లో మన సికింద్రాబాదుకొచ్చాడు రోనాల్డ్ రాస్. పుట్టింది అల్మోరాలో, పద్యాలూ లెక్కలూ అంటే ప్రాణం, 19వ మద్రాసు పదాతి దళానికి డాక్టరు. బేగంపేటలో మకాం. దోమలు చచ్చిన నీళ్లు కొందరికి తాగించి చూశాడు. లాభం లేకపోయింది. నడుమ కలరా పని మీద బెంగుళూరు పంపారు. ఊటీ దగ్గర తనకే మలేరియా పట్టుకుంది.

1897 జూన్‌లో మళ్లీ ఇక్కడికొచ్చాడు. ఆ ఏడు ఫిబ్రవరిలోనే మన క్లాక్ టవర్‌ను రెసిడెంటు దొర తెరిచాడు. ఊరంతా కొత్త గడియారం వైపు తలెత్తి చూస్తుంటే, ఈయన బేగంపేటలో తల దించుకుని దోమల కడుపులు కోస్తూ కూచున్నాడు. ఎండ మండిపోతోంది. పంకా లాగిస్తే కోసిపెట్టిన దోమలు ఎగిరిపోతాయి కాబట్టి గాలి వద్దన్నాడు. నుదుటి చెమట కారి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి, కంటి దగ్గరి అద్దం పగిలింది. చూసిన దోమలన్నీ బూడిదరంగువో చారలవో. వాటిలో ఏమీ లేదు.

ఆగస్టులో పనివాడు వేరే రకం పిల్లదోమల్ని పట్టుకొచ్చాడు. రెక్కల మీద మచ్చలున్న గోధుమరంగు దోమలయ్యాయి అవి. హుసేన్ ఖాన్ అని ఒక రోగి. 16వ తేదీన ఆయన్ను దోమతెరలో పడుకోబెట్టి ఆ దోమల చేత కుట్టించారు. కుట్టిన ప్రతి దోమకూ అణా చొప్పున ఇచ్చారు. అణా అంటే నీకు నవ్వొస్తుంది. రూపాయిలో పదహారో వంతు. నా చిన్నతనంలో కూడా అణా చేతిలో ఉంటే పిల్లవాడు బజారుకు దొరలా వెళ్లేవాడు. జబ్బుతో ఉన్న మనిషి నాలుగు డబ్బుల కోసం ఒళ్లు అప్పగించాడు. నోబెల్ ఆయనకు రాలేదు, కానీ ఆయన పేరు చెప్పకుండా ఈ కథ చెప్పడం నాకు న్యాయం అనిపించదు.

ఆగస్టు 20న, మిగిలిన కొద్ది దోమల్లో ఒకదాన్ని కోస్తే, కడుపు గోడలో గుండ్రటి కణాలు కనిపించాయి. వాటి లోపల నల్లని రేణువులు. లావెరాన్ రోగి రక్తంలో చూసిన రేణువులే! మర్నాడు ఇంకో దోమను కోస్తే అవే కణాలు కొంచెం పెరిగి కనిపించాయి. పెరిగాయంటే బతికున్నాయి, ముందుకు పోతున్నాయి.

మన ఊరి మీద అభిమానంతో మొత్తం ఇక్కడే తేలిపోయిందని చెప్పను. బేగంపేటలో దొరికింది సగం దారి. పురుగు రోగి నుంచి దోమ కడుపులోకి వెళ్లింది, సరే, మళ్లీ మనిషిలోకి ఎలా వస్తుంది? తేల్చుకుందామంటే ఆయన్ను సెప్టెంబరులో రాజపుతానాలోని ఖేర్వారాకు బదిలీ చేశారు, అక్కడ మలేరియా రోగులే దొరకలేదు. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది. చివరికి 1898లో కలకత్తాలో పిట్టల మలేరియా మీద పనిచేసి, పురుగు దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరుతుందని, కుట్టినప్పుడు అక్కణ్నుంచే దిగుతుందని చూపించాడు. మనుషుల్లోనూ అదే జరుగుతుందని, దానికి అనాఫిలిస్ దోమే వాహనమని ఇటలీలో గ్రాస్సీ బృందం ఆ ఏడే రుజువు చేసింది. ఇద్దరూ జీవితాంతం పోట్లాడుకున్నారు, అది వేరే కథ. 1902లో నోబెల్ రాస్‌కు వచ్చింది.

చూశావా, రక్తం, దోమ కడుపు, దాని గోడ, లాలాజలం, మళ్లీ రక్తం. క్యాబిన్ కింది పట్టీల్లాగే ఒకదాన్నొకటి కదిలిస్తూ పోయింది. ఒక్క లంకె ఊడినా జ్వరం ఆగుతుంది. అందుకే ఆ మచ్చల రెక్కల దోమ పెరిగే నీళ్లు ఏవో వెతకడం మొదలైంది. చెడుగాలిని ఎవడు ఆపగలడు? గుంటలో నీళ్లైతే పారతో ఆపొచ్చు. నల్లకుంటలో మనం కోరంటి దవాఖాన అంటామే, ఆ ఫీవర్ ఆస్పత్రికి పెట్టిన పేరు రాస్‌దే. బేగంపేట పాత విమానాశ్రయం దగ్గర ఆయన పనిచేసిన భవనం ఇంకా ఉంది. ఎప్పుడైనా నీ మోటారుసైకిలు అక్కడ ఆపు, పది నిమిషాలు పోతే కొంప మునగదు.

ఇంకో ముచ్చట, రాస్ కంటే ముందుది, హుస్సేన్‌సాగర్‌కు అవతలిది. అప్పట్లో కోతకు ముందు క్లోరోఫారం వాసన చూపించేవారు. ఉన్నట్టుండి కొందరు బల్ల మీదే పోయేవారు. ఎలా పోతున్నారు? ముందు ఊపిరి ఆగుతోందా, గుండె ఆగుతోందా? రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఊపిరే అని గట్టిగా నమ్మినవాడు, ఊపిరి చూసుకుంటే చాలు, నాడి పట్టుకోనక్కర్లేదన్నాడు. దాన్ని తేల్చడానికి 1888లో ఒక కమిషను, లండన్‌లో నమ్మలేదని 1889లో ఇంకోటి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌండ్లిచ్చి లాడర్ బ్రంటన్ అనే పెద్ద డాక్టరును విలాయతు నుంచి రప్పించాడు. అఫ్జల్‌గంజ్ దవాఖానలో వందల జంతువుల మీద పరీక్షలు. మన రూపాబాయి ఫర్దూన్‌జీ, ప్రపంచంలోనే తొలితరం మహిళా మత్తుడాక్టర్లలో ఒకరు, ఆ పనిలో పాలుపంచుకున్నారు. చివరికి లారీ మాటే నెగ్గింది.

అంత కష్టపడి, అంత ఖర్చు పెట్టి, తేల్చింది సగమే సరి. 1911లో గుడ్‌మన్ లీవీ పిల్లుల మీద చూపించాడు, మత్తు తేలికగా ఉన్నప్పుడే ఒక్కోసారి గుండె కొట్టుకోవడం మాని వణికిపోతుంది, ప్రాణం పోతుంది అని. మోతాదు మించితే ఊపిరి ముందు ఆగేమాట నిజమే. ప్రాణం పోయే దారి ఇంకోటి కూడా ఉందన్నదే వీళ్లకు తట్టలేదు. నాకు లారీ మీద కోపం లేదు. ఊపిరి చూడమని ఆయన పెట్టిన అలవాటు మంచిదే. కాకపోతే, ఒక కీలు దొరికింది కదా అని రెండోది లేదనుకోవడం తెలివైనవాళ్లకే ఎక్కువగా వచ్చే జబ్బు. నీకూ ఆ లక్షణాలు కనబడుతున్నాయి, జాగ్రత్త.

ఆ జబ్బు నోబెల్ వరకూ వెళ్లింది. కండరం బిగుసుకోవడానికి లాక్టిక్ ఆమ్లం మూలమని చెప్పిన హిల్‌కూ, మేయర్‌హోఫ్‌కూ 1922 బహుమతి ఇచ్చారు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి, ముందు ఫాస్ఫరస్ ఎంతుందో నీలిరంగు చిక్కదనంతో కొలిచే పద్ధతి 1925లో తయారుచేశాడు. ఆ కొలతతోనే 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని పట్టుకున్నాడు. కండరం పనిచేస్తే అది తరుగుతుంది, విశ్రాంతి తీసుకుంటే మళ్లీ చేరుతుంది. పాత లెక్క తలకిందులైంది. కొలిచే పద్ధతి ముందు కుదిరింది కాబట్టే కొత్త కీలు కంటబడింది. ఆ వరస నాకు చాలా ఇష్టం.

అన్ని విద్యలకూ కీలు కావాలని కూడా లేదు. 1687లో న్యూటన్ గ్రహాల నడకకు లెక్క చెప్పాడు. ఆ ఆకర్షణ ఏ దారిన పోతుందని అడిగితే, ఊహలు అల్లి చెప్పనన్నాడు. లెక్క సరిపోయింది, లోకం ఒప్పుకుంది.

ఇక నీ అర్థశాస్త్రం. దానికి అమెరికా పోనక్కర్లేదు, మా లైన్లో అమ్మలు వేసుకున్న చిట్టీ చాలు. ఇరవై మంది, నెలకు తలా యాభై, మొత్తం వెయ్యి. జీతాలు అందిన ఆదివారం పెద్దామె ఇంటి వసారాలో పాట. ఎవరికి అవసరమో వాళ్లు తగ్గించి పాడాలి. కూతురి పెళ్లి పెట్టుకున్నావిడ రెండొందలు వదులుకుని ఎనిమిది వందలకే పాడుకుంది. ఆ రెండొందల్లో యాభై చిట్టీ నడిపేదానికి, మిగిలిన నూట యాభై ఇరవై మందికి పంచితే తలా ఏడున్నర. ఎవరికి ఎంత అవసరమో ఎవరూ ఎవరినీ అడగలేదు. అడిగితే గొప్పలో, ఏడుపులో వచ్చేవి. పాటే చెప్పించింది. అవసరానికి వసుదేవుడంతటివాడు గాడిద కాళ్లు పట్టుకున్నాడు కదా. మనుషులు తమంతట నిజం బయటపెట్టేలా నియమాలు అల్లడం ఎలా అన్న శాస్త్రానికే 2007లో హర్విచ్, మాస్కిన్, మైయర్సన్‌లకు నోబెల్ ఇచ్చారు.

కానీ ఇక్కడ ఒక తిరకాసుంది. ఇనుప దిమ్మ నియమావళి చదవదు. మనిషి చదువుతాడు. ఇద్దరు మాట్లాడుకుని పాట తగ్గకుండా చూసుకోవచ్చు, మొదటి నెలే పాడుకుని ఊరు విడిచిపోవచ్చు. అందుకే జామీను, నోటు, సంతకం వచ్చాయి. తాడి తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడు. మనుషులతో చేసిన కీలును ఒకసారి బిగించి వదిలేస్తే లాభం లేదు, ఏటా నూనె పెట్టి చూసుకోవాలి.

మళ్లీ రాస్ దగ్గరికి రా, ఒక్క మాట మిగిలింది. కీలు తెలిసింది కదా అని 1901లో లాహోర్ దగ్గర మియాన్ మీర్ కంటోన్మెంటులో దోమల మీద యుద్ధం చేశారు. జ్వరం తగ్గలేదు. దోమలన్నిటినీ చంపడం ఎవరి తరం అని పెదవి విరిచారు. రాస్ లెక్కలవాడు కదా, మారిషస్ వెళ్లి చూసొచ్చి, 1911 నాటికి సమీకరణాలు కట్టాడు. దోమ రోగిని కుట్టాలి, పురుగు లోపల ఎదగడానికి పదిరోజులకు పైగా పడుతుంది, అప్పటిదాకా దోమ బతకాలి, బతికి ఇంకొకణ్ని కుట్టాలి. చాలా దోమలు అంతకు ముందే చస్తాయి. కాబట్టి అన్నిటినీ చంపనక్కర్లేదు, ఒక హద్దు కిందికి తగ్గిస్తే జ్వరం తనంతట ఆరిపోతుందన్నాడు. ఏది దేన్ని కదిలిస్తుందో తెలియడం ఒక ఎత్తు, ఎంత కదిలిస్తుందో తెలియడం ఇంకో ఎత్తు. ఇంటర్‌లాకింగ్‌లో ఆ బాధ లేదు, దిమ్మ పడిందా లేదా అంతే. ఒంట్లోనూ ఊళ్లోనూ అన్నీ ‘ఎంత’ దగ్గరే తేలతాయి.

ఇంకోటి విను. రాస్ పనికిరావని పక్కన పారేసిన ఆ చారల దోమలున్నాయే, ఆ జాతే డెంగీ తెస్తుంది. మలేరియా దోమ రాత్రిపూట కుడుతుంది, ఇది పగలు కుడుతుంది. చెరువులు దీనికి అక్కర్లేదు, ఇంట్లో నిలవున్న మంచినీళ్లు చాలు. గుడ్డు దోమ కావడానికి వారం, పదిరోజులు. గుడ్లను నీటి అంచున గోడకు అతికించి పెడుతుంది, నీళ్లు పారబోసినా అవి ఎండి నెలలపాటు బతికే ఉంటాయి, మళ్లీ తడి తగిలితే లేస్తాయి. వేసవి అయిపోయి ఎన్నాళ్లైంది? మీ గది కిటికీలో ఆ కూలర్ అడుగున నీళ్లు అట్లాగే ఉన్నాయి, పొద్దున చూశాను. లే, పీచు తీసుకుని పో. పారబోయడంతో సరిపెట్టకు, గోడలు గీరి రుద్ది, బోర్లించి రా.